జర్మనీలో నిరుద్యోగ భత్యం వస్తుండగా పార్ట్‌టైమ్ చేస్తే, పార్ట్‌నర్ మన ఇంటికి మారితే?

ఉద్యోగం పోయి ఆర్బైట్స్‌లోసెన్‌గెల్డ్ (నిరుద్యోగ భత్యం) తీసుకుంటున్నారు, అద్దెకు వోన్‌గెల్డ్ (ప్రభుత్వం ఇచ్చే అద్దె సాయం) కూడా వస్తోంది. వారానికి 14 గంటలు రెస్టారెంట్‌లో చేయొచ్చా, కాబోయే ఆయన మీ ఇంటికి మారితే రెండూ ఆగిపోతాయా అని కదా అడిగారు. ఆ రెండు డబ్బులకూ లెక్కలు వేరండీ. 2024లో నేను ఈ నియమాలు సరిగ్గా తెలియక చేతులు కాల్చుకున్నాను.

ముందు పని సంగతి. వారానికి 15 గంటల లోపే ఉండాలి. 15 నిండితే చట్టం ప్రకారం మీరు నిరుద్యోగే కాదు, భత్యం మొత్తం ఆగుతుంది. 14 కాబట్టి అక్కడ గండం లేదు, అసలు చిక్కు జీతంలో ఉంది. చేతికొచ్చిన దాంట్లో నెలకు 165 యూరోలే మీకు మిగులుతాయి, ఆపైన ప్రతి యూరో భత్యంలోంచి కోసేస్తారు. 2026లో కనీస వేతనం గంటకు 13.90. అంటే నెలకు పన్నెండు గంటలు చేస్తే ఆ 165 నిండినట్టే. ఆ తర్వాత ఎన్ని గిన్నెలు తోమినా అకౌంట్‌లో పడే మొత్తం పెరగదు. పైగా వారానికి 14 గంటలంటే మినిజాబ్ (నెల జీతం ఒక హద్దు లోపే ఉండే చిన్న ఉద్యోగం) హద్దు 603 యూరోలు కూడా దాటిపోతుంది. భాష వస్తుందనో, సర్టిఫికెట్ ఇస్తారనో అయితే చేయండి. డబ్బు కోసమైతే గంటలు తగ్గించమని అడగండి. ఉద్యోగం పోకముందు 18 నెలల్లో కనీసం 12 నెలలు ఆ పక్క పని చేస్తూ ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపు పెరగొచ్చు.

నా తప్పేంటంటే, పని మొదలుపెట్టాక "నెలాఖరుకి పే స్లిప్ వచ్చాక చెబుదాంలే" అనుకున్నా. భత్యం ఇచ్చే ఉపాధి ఆఫీసుకు మొదటి రోజుకల్లా చెప్పాలి. నెలకు 480 చొప్పున రెండు నెలలు సంపాదించాక పసుపు కవరు వచ్చింది: 630 యూరోలు తిరిగి కట్టమని. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర లేదు. తర్వాత ఎవరో చెబితే, పనికి వెళ్లడానికి కొన్న అప్పటి 49 యూరోల డాయిచ్‌లాండ్ టికెట్ (నెలవారీ ప్రయాణ పాస్) రసీదులు పంపాను. అలాంటి ఖర్చు జీతంలోంచి ముందే తీసేస్తారట. బాకీ 532కి దిగింది. మీరూ టికెట్ రసీదులు పారేయకండి.

ఇక కలిసి ఉండటం. ఆర్బైట్స్‌లోసెన్‌గెల్డ్ మీరు కట్టిన బీమా డబ్బు. పక్కన ఎవరున్నా, వాళ్ల జీతం ఎంతైనా దానికి సంబంధం లేదు. వోన్‌గెల్డ్ అలా కాదు, అది ఇంటి మొత్తం ఆదాయం చూస్తుంది. ఒకే వంట, ఒకే సంసారంగా ఉండే జంటకు పెళ్లి కాకపోయినా ఇద్దరి ఆదాయమూ కలుపుతారు. ఆయనకు ఐటీ జీతం ఉంటే మీకు వోన్‌గెల్డ్ దాదాపు పోయినట్టే అనుకోండి. కానీ అద్దె సగం ఆయన కడతారు కదా, లెక్క వేసుకుంటే లాభమే రావచ్చు. ఆన్‌మెల్డుంగ్ (కొత్త చిరునామా నమోదు) ఎలాగూ రెండు వారాల్లో చేయాలి. అదే వారం వోన్‌గెల్డ్ ఆఫీసుకూ ఒక ఉత్తరం పంపండి. పోస్ట్‌బాక్స్ మీద రెండో పేరు అంటించాక దాచేదేమీ ఉండదు.

బీమా గడువు అయిపోయి, బ్యుర్గర్‌గెల్డ్ పేరుతో తెలిసిన ప్రభుత్వ కనీస సాయానికి వెళ్తే పరిస్థితి ఇంకా గట్టిగా ఉంటుంది. జంటగా ఏడాది దాటి కలిసి ఉంటే ఒకరినొకరు పోషించుకుంటారని ఆఫీసువాళ్లే అనుకుంటారు, కాదని మనం నిరూపించుకోవాలి. మా ఫ్రెండ్ ఒకడు ఒక అమ్మాయితో ఫ్లాట్ పంచుకున్నాడు, మామూలు రూమ్‌మేట్లే. అయినా ఫారం వచ్చింది. విడి బ్యాంకు ఖాతాలు, సబ్‌లెట్ ఒప్పందం, ఫ్రిజ్‌లో ఎవరి అర వాళ్లదని రాసిచ్చాడు. ఆవకాయ సీసా మాత్రం ఒక్కటేనని రాయలేదు.

వీసా గురించి భయపడుతుంటే, ఆర్బైట్స్‌లోసెన్‌గెల్డ్ కట్టిన బీమా కాబట్టి ప్రభుత్వ సాయం కింద లెక్కపెట్టరు. బ్యుర్గర్‌గెల్డ్ లెక్కపెడతారు. దానికి అప్లై చేసేముందు మాత్రం మీ పర్మిట్ సంగతి ఎవరినైనా అడిగి తెలుసుకోండి.