వీడియో కాల్‌లో థెరపీ చేయిస్తే చెయ్యి బాగవుతుందా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లెటూరు. మా అత్తగారికి 58 ఏళ్లు, జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్లేవారు. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నారు, కుడి చెయ్యి కొంచెం లేస్తోంది కానీ పట్టు లేదు. విశాఖపట్నంలో ఆక్యుపేషనల్ థెరపిస్టుకు చూపించాం. వారం వారం రాలేమంటే వీడియో కాల్‌లో చేయిస్తామన్నారు. ఫోన్లో చూసి ఏం చేస్తారు, డబ్బు దండగ అంటున్నారు మా ఆయన. నిజమేనా?

జవాబు: దండగ కాదమ్మా, చేయించండి. స్నానం చెయ్యడం, చీర కట్టుకోవడం, అన్నం కలుపుకోవడం లాంటి రోజువారీ పనులు ఆవిడ మళ్లీ సొంతంగా చేసుకునేలా చేసేదే ఈ థెరపీ, ఆ పనులన్నీ జరిగేది మీ ఇంట్లోనే కదా!

2020 లాక్‌డౌన్‌లో వేరే దారి లేక వీడియో కాల్స్ మొదలుపెట్టిన థెరపిస్టులు నాకు కొందరు తెలుసు, వాళ్లిప్పుడు ఇష్టంగానే కొనసాగిస్తున్నారు. ఒకావిడ చెప్పిన సంగతి వినండి. ఆవిడ పేషెంట్ ఒకాయన క్లినిక్‌లో మగ్గు బాగానే ఎత్తేవాడట, ఇంట్లో మాత్రం కొడుకే స్నానం చేయించాల్సి వచ్చేది, ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. చివరికి ఫోన్ తిప్పి బాత్రూమ్ చూపించమంటే, బకెట్ చెయ్యి పడిపోయిన వైపు మూలలో, నేల మీద ఉంది. ఒంగితే పడిపోతానని ఆయన భయం. బకెట్ బాగున్న చెయ్యి వైపుకి మార్చి స్టూల్ మీద పెట్టించి, కూర్చోడానికి కుర్చీ వేయించారు, అంతే, ఆయనే పోసుకోవడం మొదలుపెట్టాడు. క్లినిక్‌లో ఎన్ని వారాలు చూసినా ఇది దొరికేది కాదు.

అయితే ఫోన్‌తో కానివీ ఉన్నాయి. కండరం ఎంత బిగుసుకుందో చేత్తో పట్టుకుని కదిలిస్తేనే తెలుస్తుంది, భుజం కీలు జారిందేమో తడిమి చూడాలి, స్ప్లింట్ (చేతిని సరైన తీరులో నిలిపి ఉంచే పట్టీ) కావాలంటే ఎదురుగా కూర్చుని కొలత తీసుకోవాలి. వీటికోసం మధ్యమధ్యలో విశాఖ వెళ్లక తప్పదు, ఎన్నాళ్లకోసారో ఆ థెరపిస్టునే అడగండి. థెరపిస్టులకు ఇంకో బెంగ, పేషెంట్ తూలితే పట్టుకోవడానికి తాము పక్కన ఉండరు. అందుకని కాల్ నడిచినంతసేపూ మీరో, మీ ఆయనో ఆవిడ పక్కనే ఉండాలి. మొదటి రెండు మూడు కాల్స్ మీ ఆయన్నే కూర్చోబెట్టండి, సందేహం ఆయనది కాబట్టి.

ఆవిడను లేపేటప్పుడు ఆ కుడి చెయ్యి పట్టుకుని లాగొద్దు, చంకలో చెయ్యి వేసి ఎత్తొద్దు. పక్షవాతం తర్వాత భుజం వదులుగా ఉంటుంది, ప్రేమగా లేపబోయి కీలు పాడుచేసిన ఇళ్లు చాలా చూశాను. జాకెట్టు తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు.

ఆవిడ చేసిన పని గురించి థెరపిస్టుకు తప్పకుండా చెప్పండి. పొట్టు తీయడానికి బొటనవేలు, చూపుడువేలు కలవాలి, సరిగ్గా ఆ పట్టే ఇప్పుడు కావాల్సింది. ముందు నిమ్మకాయలు, తర్వాత వేరుశెనక్కాయలు, ఆ తర్వాత జీడిపప్పు గిన్నెలోంచి గిన్నెలోకి తీయించడం లాంటివి ఇంట్లోనే చేయించొచ్చు. పెంకుతో ఉన్న పిక్కలు మాత్రం ముట్టనివ్వకండి, ఆ పెంకులో నూనె చర్మాన్ని కాలుస్తుంది, స్పర్శ తగ్గిన చేతికి మంట తెలియదు.

ఫోన్ చేత్తో పట్టుకోకుండా దేనికైనా ఆనించి, ఆవిడ భుజం నుంచి వేళ్ల దాకా కనిపించేలా పెట్టండి. సిగ్నల్ సరిగ్గా లేకపోతే టెన్షన్ వద్దు, ఆవిడ చేస్తున్నది వీడియో తీసి పంపినా థెరపిస్టు చూసి చెప్పగలరు.

భుజం నొప్పి పెరిగినా, చెయ్యి వాచినా తర్వాతి కాల్ దాకా ఆగకుండా నేరుగా డాక్టర్‌కి చూపించండి. ఎప్పుడైనా మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. బీపీ మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దని అత్తగారికి నా మాటగా చెప్పండి.