మ్యాప్ లైబ్రరీల ప్యాకేజింగ్: మీ ప్రశ్నలకి జవాబులు

ప్రశ్న: సార్, మ్యాప్ ఫైళ్లు చదివే జీడాల్, కోఆర్డినేట్లు మార్చే ప్రోజ్, ఆకారాల లెక్కలు చేసే జియోస్ లైబ్రరీలు మూడింటినీ మ్యాక్‌లో కంపైల్ చేసి ఓ చిన్న మ్యాప్ యాప్‌లో పెట్టాను. నా మెషీన్‌లో చక్కగా నడుస్తోంది. ఫ్రెండ్‌కి పంపితే 'లైబ్రరీ లోడ్ అవ్వలేదు' అని వచ్చి మూసుకుపోతోంది. ఫైళ్లన్నీ యాప్ ఫోల్డర్‌లోనే ఉన్నాయి, మరి ఎందుకిలా?

జవాబు: ఫైళ్లు ఉన్నాయి సరే, యాప్ వాటిని అక్కడ వెతకట్లేదు. మ్యాక్‌లో ప్రతి లైబ్రరీ లోపల 'ఇన్‌స్టాల్ నేమ్' అని ఒక అడ్రస్ రాసి ఉంటుంది, లింక్ చేసేటప్పుడు యాప్ ఆ అడ్రస్‌నే కాపీ చేసుకుంటుంది, మీరు హోమ్‌బ్రూ (మ్యాక్‌లో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే టూల్) ఫోల్డర్‌లోంచి తీసుకుని ఉంటే ఆ హోమ్‌బ్రూ పాత్ అందులో పడిపోయి ఉంటుంది, మీ ఫ్రెండ్ మెషీన్‌లో ఆ ఫోల్డరే లేదు కదా. టెర్మినల్‌లో ఓటూల్ కమాండ్‌కి పెద్ద ఎల్ ఆప్షన్ ఇచ్చి చూడండి, ఏ లైబ్రరీని ఎక్కడ వెతుకుతోందో కనిపిస్తుంది. ఇన్‌స్టాల్-నేమ్-టూల్‌తో ఆ పాత్‌లని ఆర్‌పాత్‌కి, అంటే నడిచేటప్పుడు వెతకమని యాప్‌కి మీరు చెప్పే ఫోల్డర్‌కి, మార్చుకోండి. జీడాల్ ఒక్కటి మారిస్తే సరిపోదు, అది టిఫ్, ఎస్క్యూలైట్, కర్ల్ అంటూ పెద్ద సంసారాన్నే వెంటేసుకొస్తుంది, వాటి కింద ఇంకొన్ని ఉంటాయి, అన్నీ ఒక్కొక్కటిగా చూడాల్సిందే.

ఇంకో మాట. పాత్ మార్చగానే ఆ ఫైల్ డిజిటల్ సంతకం (ఫైల్‌ని ఎవరూ మార్చలేదని చూపే గుర్తు) చెల్లకుండా పోతుంది, యాపిల్ సిలికాన్ మెషీన్లలో అయితే సంతకం చెల్లని కోడ్‌ని సిస్టమ్ అక్కడికక్కడే ఆపేస్తుంది. అందుకే ముందు పాత్‌లన్నీ సరిచేసి, తర్వాత లోపలి లైబ్రరీల నుంచి మొదలుపెట్టి బయటికి వస్తూ సైన్ చేసి, ఆఖర్న నోటరైజేషన్‌కి, అంటే యాపిల్ తనిఖీకి, పంపాలి. 2019లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ క్యాటలీనా నుంచి, యాప్ స్టోర్ బయట పంచే యాప్‌లకి ఇది లేకపోతే యూజర్‌కి హెచ్చరిక వచ్చి యాప్ తెరుచుకోదు. లైబ్రరీలు ఎక్కడ వెతకాలో చెప్పే డీవైఎల్‌డీ లైబ్రరీ పాత్ వేరియబుల్ పెట్టి గట్టెక్కుదాం అనుకోకండి, 2015లో సిస్టమ్ ఇంటెగ్రిటీ ప్రొటెక్షన్ అనే మ్యాక్ రక్షణ వచ్చాక దాన్ని నమ్ముకోడానికి లేదు.

ప్రశ్న: మా యాప్ ఓపెన్ అవుతుంది, ఎర్రర్ ఏమీ రాదు. కానీ కొత్త ప్యాకేజీలో మ్యాప్ లేయర్లు ఒకదానిమీద ఒకటి కూర్చోవట్లేదు, కొన్ని మీటర్లు పక్కకి జరిగి ఉంటున్నాయి. డెవలప్‌మెంట్ మెషీన్‌లో బానే ఉంది. కోడ్ మొత్తం రెండుసార్లు చూశాం.

జవాబు: యాప్ క్రాష్ అయితే కనీసం తెలుస్తుంది, ఇది తెలీదు, అందుకే నాకు అన్నిటికంటే దీనికే భయం. తప్పు మీ కోడ్‌లో కాదు, మీరు ప్యాక్ చేయని డేటాలో ఉండొచ్చు. 2019లో వచ్చిన ప్రోజ్ 6 నుంచి కోఆర్డినేట్ సిస్టమ్‌ల వివరాలన్నీ ప్రోజ్ డాట్ డీబీ అనే ఎస్క్యూలైట్ డేటాబేస్ ఫైల్‌లోకి వెళ్లాయి, అది లేకపోతే ఎర్రర్ వస్తుంది, గొడవ లేదు. గ్రిడ్ ఫైళ్లు (ఏ చోట ఎంత సవరించాలో చెప్పే పట్టికలు) అలా కాదు. ఒక డేటమ్ (కోఆర్డినేట్లని భూమికి ముడిపెట్టే ఆధారం) నుంచి ఇంకో డేటమ్‌కి కచ్చితంగా మార్చడానికి కొన్ని ప్రాంతాలకి ఈ గ్రిడ్‌లు కావాలి, అవి దొరక్కపోతే ప్రోజ్ ఆగదు, తక్కువ కచ్చితత్వం ఉన్న ఇంకో దారి ఎంచుకుని చప్పుడు చేయకుండా లెక్క ఇచ్చేస్తుంది. మీ డెవలప్‌మెంట్ మెషీన్‌లో ఎప్పుడో ఆ గ్రిడ్ దిగి ఉంటుంది, అందుకే అక్కడ బాగుంది.

ప్రోజ్‌ఇన్ఫో కమాండ్‌కి మీ రెండు సిస్టమ్‌ల కోడ్‌లు ఇవ్వండి, ఏయే దారులున్నాయి, ఒక్కోదాని కచ్చితత్వం ఎంత, ఏ గ్రిడ్ లేదు అన్నీ చూపిస్తుంది. గ్రిడ్‌లన్నీ కలిపితే వందల ఎంబీ అవుతాయి కాబట్టి మీ యూజర్లు వాడే ప్రాంతాలవే ప్రోజ్‌సింక్‌తో తెచ్చి యాప్‌లో పెట్టండి. ప్రోజ్ 7 నుంచి నెట్ ద్వారా అవసరమైన ముక్క తెచ్చుకునే వీలుంది గానీ ఫీల్డ్‌లో నెట్ లేకుండా వాడేవాళ్లకి అది ఉపయోగపడదు.

ఒకవేళ గ్రిడ్‌లన్నీ ఉన్నా లేయర్లు పక్కకి జరుగుతున్నాయంటే, ప్రోజ్ డేటా ఎక్కడుందో చెప్పడానికి వేరే సాఫ్ట్‌వేర్ పెట్టిన ప్రోజ్ లిబ్ వేరియబుల్ మీ యాప్‌ని తన ఫోల్డర్‌కి లాక్కుపోతోందేమో చూడండి. నేను ఒకసారి రెండు రోజులు దీనిమీదే పోగొట్టుకున్నాను. ప్రోజ్ 9.1 నుంచి ఆ వేరియబుల్ పేరు ప్రోజ్ డేటా అయింది, పాత పేరు కూడా పనిచేస్తుంది. యాప్ మొదలవ్వగానే కోడ్‌లోనే మీ సొంత ఫోల్డర్‌ని సెట్ చేసేయండి, జీడాల్ డేటా ఫోల్డర్‌కీ అంతే.

ప్రశ్న: మాది సోర్స్ ఇవ్వని యాప్. ఈ లైబ్రరీలు కలిపి అమ్మొచ్చా?

జవాబు: అమ్మొచ్చు. జీడాల్, ప్రోజ్‌లది ఎంఐటీ తరహా లైసెన్స్, నోటీస్ జత చేస్తే చాలు. జియోస్‌ది ఎల్‌జీపీఎల్, దాన్ని యాప్‌లో కలిపేయకుండా విడి లైబ్రరీగానే ఉంచండి, యూజర్ కావాలంటే తన కాపీ పెట్టుకోగలగాలి, మీరు వాడిన జియోస్ సోర్స్ కూడా అందేలా చూడాలి. జీడాల్ కంపైల్ చేసేటప్పుడు ఏ డ్రైవర్లు (ఒక్కో ఫైల్ ఫార్మాట్‌ని చదివే భాగాలు) ఆన్ చేశారో మాత్రం ఒకసారి చూసుకోండి, కొన్ని వెనకున్న లైబ్రరీల లైసెన్స్ వేరు.