వేవిళ్లకు గంజాయి గమ్మీలు వేసుకోవచ్చా? పాలిచ్చే రోజుల్లో అయితే ఫరవాలేదా?

మీరు రాసింది చదివాను. డెన్వర్‌లో ఉంటున్నారు, తొమ్మిదో వారం నడుస్తోంది, మంచినీళ్లు తాగినా నిలవడం లేదు. ఆఫీసులో స్నేహితురాలు గంజాయి గమ్మీలు (గంజాయి కలిపిన నమిలే మిఠాయిలు) వేసుకోమంది, గంజాయి అమ్మే కొట్లో అడిగితే వాళ్లూ సరేనన్నారు. రెండు వేసుకున్నారు కూడా. ఇక్కడ చట్టబద్ధమే కదా, ఆయుర్వేదంలోనూ ఉంది కదా అంటున్నారు. కాన్పయ్యాక పాలిచ్చేటప్పుడు సంగతేమిటనీ అడిగారు.

వద్దు. గమ్మీ, పొగ, వేప్, నూనె, ఏ రూపంలోనూ వద్దు. అలాగని వాంతులు ఓర్చుకోమని నేను అనను. మందు ఉన్న జబ్బుకు ఓర్పు ఎందుకు?

మాది తెనాలి దగ్గర. కొలరాడోలో బాలింతల వార్డులో నర్సుగా చేస్తున్నాను. నా మొదటి కడుపులో అన్నం ఉడుకుతున్న వాసన వస్తే చాలు, బాత్రూమ్‌కు పరుగు. అమ్మ ఫోన్‌లో "వేవిళ్లు ఎవరికి ఉండవే, మూడో నెల దాటితే అవే పోతాయి" అనేది. చాలామందికి నిజంగానే అవే పోతాయి. నాకు పోలేదు. తూకం తగ్గింది, మూత్రం ముదురు పసుపు రంగులోకి దిగింది, సెలైన్ ఎక్కించుకోవాల్సి వచ్చింది. అందుకే ముందు మీ వాంతుల సంగతి మాట్లాడతాను, గంజాయి సంగతి తర్వాత.

కడుపుతో కాకముందున్న తూకంలో నూటికి ఐదు వంతులు తగ్గినా, రోజంతా నీళ్లు నిలవకపోయినా, మూత్రం సరిగ్గా రాకపోయినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా అది మామూలు వేవిళ్లు కాదు. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఈరోజే మీ ఓబీ (కాన్పుల డాక్టరు) ఆఫీసుకు ఫోన్ చేయండి. రాత్రయితే నర్స్ లైన్ ఉంటుంది. అంత ముదరకపోతే మొదట ఇచ్చేది బి6 విటమిన్, డాక్సిలమిన్ కలిపిన మాత్ర. అమెరికాలో డైక్లెజిస్ పేరుతో 2013లో ఎఫ్‌డీఏ (ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ) అనుమతి వచ్చింది. ఇండియాలో డాక్సినేట్ అని రాసేదీ ఈ జంటే. ఇదే జంట ఇక్కడ బెండెక్టిన్ పేరుతో అమ్ముడయ్యేది. కోర్టు కేసుల దెబ్బకు 1983లో కంపెనీయే మానేసింది. బిడ్డలకు హాని జరిగిందని తేలి మాత్రం కాదు. ఆ గొడవల పుణ్యమా అని గర్భిణుల్లో అంత లోతుగా పరిశీలించిన మందులు తక్కువ. నిద్ర మాత్రం ముంచుకొస్తుంది, నేను రాత్రిపూట వేసుకునేదాన్ని. దానికి లొంగకపోతే తర్వాతి మెట్టు మందులున్నాయి, సెలైన్ ఉంది. అల్లం కొంతమందికి పనిచేస్తుంది, నాకు అల్లం వాసనే పడలేదు.

ఇక కొట్టువాళ్ల సలహా. మీకు ఎదురైనది కొత్తేమీ కాదు. మన కొలరాడోలోనే పరిశోధకులు 400 గంజాయి కొట్లకు ఫోన్ చేసి, ఎనిమిదో వారం గర్భిణిని, వాంతులవుతున్నాయి, ఏం వాడాలి అని అడిగారు. ఫలితాలు 2018లో వచ్చాయి. నూటికి 69 కొట్లు ఏదో ఒక సరుకు వాడమన్నాయి. ఎక్కువమంది చెప్పింది సొంత అభిప్రాయమే. అడక్కుండానే "ముందు డాక్టర్ని అడగండమ్మా" అన్నవాళ్లు మూడోవంతు కూడా లేరు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, అక్కడ నిలబడేది అమ్మడానికి. ఆ డబ్బా మీద గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ హెచ్చరిక ఉంటుంది, అక్షరాలు చిన్నవి గానీ ఒకసారి చదవండి.

గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ మాయను దాటి బిడ్డ రక్తంలోకి వెళ్తుంది. గమ్మీ అయితే పొగ ఉండదు, కార్బన్ మోనాక్సైడ్ ఉండదు, అంతవరకు నిజమే. టీహెచ్‌సీ మాత్రం అదే. పైగా తిన్నది నెమ్మదిగా ఎక్కి ఎక్కువసేపు ఉంటుంది. కెనడాలోని ఒంటారియోలో 6.6 లక్షల గర్భాల రికార్డులు చూసి 2019లో ఒక అధ్యయనం వేశారు. పొగాకు, ఆదాయం, వయసు లాంటివి సరిపోలిన తల్లులను పక్కపక్కన పెట్టి చూసినా, నెలలు నిండకుండా పుట్టినవాళ్లు గంజాయి వాడని తల్లుల్లో నూటికి 7 మంది, వాడినవాళ్లలో 10 మంది. మాయ ముందే ఊడిపోవడం, బిడ్డ తూకం తక్కువగా ఉండటం, ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఇంటెన్సివ్ కేర్‌లో) చేరడం కూడా వాడినవాళ్లలోనే ఎక్కువ.

ఆ లెక్కను రెండు వైపులా చూడండి. గంజాయి వాడిన తల్లుల బిడ్డల్లోనూ ఎక్కువమంది నెలలు నిండే పుడతారు. మీ స్నేహితురాలు "నేను వాడాను, మావాడు బంగారంలా ఉన్నాడు" అంటే అబద్ధమేమీ కాదు. ఎవరి బిడ్డ ఆ అదనపు ముగ్గురిలో ఉంటుందో ముందే చెప్పలేం, అంతే. వార్డులో నేను చూసేదీ అదే. ఎక్కువమంది పిల్లలు తల్లితో ఇంటికి వెళ్లిపోతారు. కొందరు మాత్రం రెండు కిలోలు కూడా లేకుండా పుట్టి, చప్పరించే ఓపిక లేక, గొట్టంతో పాలు పట్టించుకుంటారు. అలాంటి బిడ్డ తల్లి నా చెయ్యి పట్టుకుని "దానివల్లేనా?" అని అడిగితే అవుననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను.

పెరిగాక ఏమవుతుందన్నదాని మీద వాదనలు ఇంకా ఉన్నాయి. కెనడాలోని ఒట్టావాలో 1978 నుంచీ, ఇక్కడ పిట్స్‌బర్గ్‌లోనూ ఇలాంటి పిల్లలను ఏళ్లతరబడి వెంటబడి చూశారు. పుట్టిన కొత్తలో పెద్ద తేడా కనిపించకపోయినా, బడి వయసులో ఏకాగ్రత, కుదురు దగ్గర కొన్ని తేడాలు బయటపడ్డాయి. అందులో పొగాకు పాత్ర ఎంత, ఇంటి పరిస్థితుల పాత్ర ఎంత అన్నది తేల్చడం కష్టం. ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆ తల్లులు వాడిన గంజాయి ఇప్పటిది కాదు. 1990ల నడుమ పట్టుబడిన సరుకులో టీహెచ్‌సీ నూటికి 4 వంతులుండేది, ఇప్పుడు 15 దాటింది. సాంద్రం చేసిన నూనెల్లో ఇంకా ఎన్నో రెట్లు.

గంజాయి మంచిదేననేవాళ్లు ఎప్పుడూ చూపించేది 1994 నాటి జమైకా అధ్యయనం. నెల వయసులో గంజాయి తల్లుల బిడ్డలే చురుగ్గా ఉన్నారని అందులో ఉన్నమాట నిజం. కానీ ఆ బిడ్డలు 24 మంది, పోల్చిన బిడ్డలు 20 మంది. పైగా బాగా వాడిన తల్లులకు చదువు, సొంత సంపాదన, ఇంట్లో సాయం ఎక్కువ. బిడ్డ చురుకుదనం దేనివల్లో మీరే చెప్పండి.

పాల విషయానికి వస్తే, ఇక్కడే నన్ను తల్లులు ఎక్కువగా అడుగుతారు. "ఒక గ్లాసు వైన్ తాగితే కాసేపాగి పాలిస్తాం కదా, ఇదీ అంతేనా?" అని. అంతే కాదు. మద్యం రక్తంలోంచి దిగిపోతే పాలల్లోంచీ దిగిపోతుంది. టీహెచ్‌సీ కొవ్వులో కరిగేది, ఒంట్లో కొవ్వు ఉన్నచోటల్లా దాక్కుని, మెల్లమెల్లగా బయటికొస్తుంది. చనుపాలల్లో కొవ్వు ఎంతుంటుందో మీకు తెలుసు. శాన్ డియాగోలో 2018లో 50 మంది తల్లుల పాలు పరీక్షిస్తే, నూటికి 63 నమూనాల్లో టీహెచ్‌సీ దొరికింది, కొందరిలో చివరిసారి వాడిన ఆరు రోజుల తర్వాత కూడా. మన రాష్ట్రంలోనే 2021లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, కడుపుతో ఉండగా వాడి, కాన్పయ్యాక పూర్తిగా మానేసిన తల్లుల పాలల్లో ఆరు వారాల దాకా కనిపిస్తూనే ఉంది. కాబట్టి ఒకపూట పాలు పిండి సింకులో పోస్తే పని అయిపోదు. బిడ్డకు చేరేది తల్లి మోతాదులో కొద్ది వంతే, మరో చిన్న పరిశీలనలో సగటున నూటికి రెండున్నర వంతులు అని తేలింది. ఆ కొద్ది వంతు రోజూ చేరితే ఎదిగే మెదడుకు ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2018లో పాలిచ్చే రోజుల్లో వాడొద్దని చెప్పింది అందుకే.

దీనికన్నా నన్ను భయపెట్టేది ఇంకొకటి. మన ఇళ్లల్లో చంటిబిడ్డ అమ్మ పక్కలోనే పడుకుంటాడు. మత్తులో ఉన్న మనిషి పక్కన పసివాణ్ణి పడుకోబెట్టకూడదు, అది తల్లయినా తండ్రయినా. మీవారు బాల్కనీలో కాల్చి వచ్చి బిడ్డను ఎత్తుకోవడం కూడా ఇందులోకే వస్తుంది.

ఆయుర్వేదం మాట. విజయ పేరుతో భంగు ఆకు కొన్ని మందుల్లో ఉంది. అది వైద్యుడు కొలత చూసి ఇచ్చేది, అదీ గర్భిణికి రాసిన మందు కాదు. ఊరి నుంచి అమ్మ కాన్పుకు వస్తూ కాయం డబ్బా తెస్తుంది కదా, ఇంట్లో శొంఠి, పిప్పళ్లు దంచి చేసిందయితే దానికీ దీనికీ సంబంధం లేదు. ఏవో పేర్లతో ప్యాకెట్లలో వచ్చే జీర్ణం మాత్రలుంటే వెనక్కి తిప్పి చూడండి, విజయ, భంగు అని ఉంటే పక్కన పెట్టేయండి. గంజాయిలోనే ఉండే ఇంకో పదార్థం సీబీడీ, అందులో మత్తు లేదుగా అంటారు. దాన్నీ గర్భిణులు, పాలిచ్చేవాళ్లు వాడొద్దని ఎఫ్‌డీఏ గట్టిగానే చెప్పింది. సీబీడీ అని అమ్మే కొన్ని సీసాల్లో టీహెచ్‌సీ కలిసి ఉంటుంది కూడా.

ఎప్పటినుంచో రోజూ వాడేవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. ఆగని వాంతులు, వేడినీళ్ల షవర్ కింద నిలబడితేనే ఉపశమనం అయితే, ఆ వాంతులు గంజాయి తెచ్చిపెట్టినవే కావచ్చు. వాటికి మళ్లీ గంజాయే వేసుకుంటే ఇంకా ముదురుతాయి. ఈ సంగతి డాక్టరుకు చెప్పకపోతే కనిపెట్టడం కష్టం.

మీరు వేసుకున్న ఆ రెండు గమ్మీల గురించి రాత్రంతా మేలుకోకండి. పైన చెప్పిన అధ్యయనాలు రెండు గమ్మీల గురించి కావు. ఆపేయండి, డాక్టరుకు చెప్పండి. చెబితే తిడతారేమో, ఎవరికైనా చెప్పేస్తారేమో అని భయం ఉంటుంది. కాన్పు సమయంలో ఆస్పత్రులు పరీక్ష చేయడం, పిల్లల సంక్షేమ శాఖకు తెలియజేయడం గురించి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో నియమం. మీ ఆస్పత్రి పద్ధతి ఏమిటో సూటిగా అడగండి, అడగడం తప్పు కాదు. తొమ్మిదో వారంలో మానేసిన తల్లికి చాలా వెసులుబాటు ఉంది.

మీరు అడగలేదు గానీ, వీసా మీద ఉన్నవాళ్లకు ఇదీ తెలియాలి. కొలరాడోలో 2014 జనవరి నుంచి కొట్లలో అమ్ముతున్నారు, సరే. ఇమ్మిగ్రేషన్ నడిచేది ఫెడరల్ చట్టం మీద. రాష్ట్రంలో చట్టబద్ధమైనా పౌరసత్వానికి అడ్డు రావచ్చని 2019లోనే ఇమ్మిగ్రేషన్ శాఖ (యూఎస్‌సీఐఎస్) రాసిపెట్టింది. గ్రీన్‌కార్డ్ మెడికల్‌లోనూ మాదకద్రవ్యాల ప్రశ్న ఉంటుంది. అక్కడ ఏం చెప్పాలో మీ లాయర్ని అడగండి, ఫారం నింపే ముందే.