డాబా మీది గదిలో పాత రేడియో సెట్లు: మాన్పించాలా, సాగనివ్వాలా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మా వీధిలో రైల్వే టెలికాం విభాగంలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు హామ్ రేడియో (లైసెన్సుతో సరదాగా నడుపుకునే వైర్‌లెస్) నడుపుతారు. ఏడాదిగా మావాడు ఆయన పాత సెట్లను మా డాబా మీది గదికి తెచ్చుకుని విప్పుతున్నాడు. రాత్రి పన్నెండయినా సోల్డరింగ్ వాసన పోదు. వాళ్ల బాబాయి “ఇది రేడియో మెకానిక్ పని, మాన్పించి కోడింగ్ కోచింగ్‌లో చేర్చండి” అంటున్నాడు. నాకేమీ పాలుపోవడం లేదు. ఈ పని వాడికి రేపు కూడు పెడుతుందా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక అబ్బాయిని చూడకుండా సలహా చెప్పాలనిపించలేదు. అందుకే ఆదివారం విజయవాడ రమ్మన్నాను. ఒక నోటుబుక్కు, నాలుగు గ్రాఫ్ కాగితాలు, ఒక అగ్గిపెట్టె పట్టుకుని వచ్చాడు. అగ్గిపెట్టెలో చింతగింజంత రిలే, అంటే కరెంటుతో కదిలే స్విచ్చు, ఉంది. మూత ఊడదీసి, భూతద్దం నా చేతికిచ్చి, కాంటాక్టు మీద పట్టిన నల్లని పొర చూపించాడు.

ఆ రిలే ఉన్న సెట్టుకు చెవుడు వచ్చిందట. వాల్యూమ్ పెంచితే హోరు బాగానే వినిపిస్తోంది, కానీ యాంటెన్నా తగిలించినా తీసినా తేడా లేదు. హోరు ఉందంటే వెనక దశలు బతికే ఉన్నాయి కాబట్టి లోపం యాంటెన్నా వైపే ఉండాలని లెక్క వేశాడు. సిగ్నల్‌ను రిలేకు ముందు ఇస్తే లీలగా వినిపించింది, దాటించి ఇస్తే గదంతా మోగింది. ఒకే యాంటెన్నాను కాసేపు ప్రసారానికి, కాసేపు రిసీవర్‌కు కలిపేది ఆ రిలేయే. గాలిలోంచి వచ్చే సిగ్నల్ కొన్ని మైక్రోవోల్టులే ఉంటుంది, అది ఆ నల్లపొరను దాటలేదు. మైకు మీట నొక్కి వదిలితే కాసేపు బాగా వినిపించి మళ్లీ మూగబోవడానికి కారణమూ అదే: రిలే కొట్టుకున్నప్పుడు కాంటాక్టులు ఒకదానితో ఒకటి రాసుకుని కాస్త శుభ్రపడతాయి. ఇదంతా నేను అడిగి చెప్పించుకున్నది కాదు. ఏ తేదీన ఏం అనుమానించాడో, ఏం కొలిచాడో, ఏది తప్పని తేలిందో నోటుబుక్కులో వరసగా ఉంది.

గ్రాఫ్ కాగితాలు చూసినప్పుడు మరీ సంతోషం వేసింది. ఫిల్టర్ బోర్డుకు సర్క్యూట్ పటం ఎక్కడా దొరక్కపోతే, మల్టీమీటరుతో ఒక్కొక్క దారీ వెతికి తానే గీసుకున్నాడు. సప్లైకి ఎర్ర పెన్సిలు, సిగ్నల్‌కు నీలం. ఒకచోట కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడును తిరగేసి గీశాడు. తర్వాత కొట్టేసి సరిచేశాడు కానీ తప్పును చెరపలేదు. పరిశ్రమలో దీన్ని రివర్స్ ఇంజనీరింగ్ అంటారు. విడిభాగాలు దొరకని పాత పరికరాలను నిలబెట్టే చోట, బోర్డులు పరీక్షించే చోట, హార్డ్‌వేర్ భద్రతలో లొసుగులు వెతికే చోట ఈ నేర్పే కావాలి. మెకానిక్ పని అని వాళ్ల బాబాయి తీసిపారేసింది దీన్నే.

అయితే ముందుగా ఒక గట్టి మాట చెప్పాలి. మన దేశంలో ప్రసారం చేయగల సెట్టును లైసెన్సు లేకుండా వాడడమే కాదు, దగ్గర ఉంచుకోవడమూ చట్టవిరుద్ధమే. మీ అబ్బాయికి ఇంకా లైసెన్సు లేదు. కాబట్టి ఆ సెట్లు రేపే పెద్దాయన ఇంటికి చేరాలి, అక్కడ ఆయన ఎదుటే పని చేయాలి. టెలికమ్యూనికేషన్ల శాఖలో వైర్‌లెస్ వ్యవహారాలు చూసే డబ్ల్యూపీసీ విభాగం కింద హామ్ పరీక్ష జరుగుతుంది. 12 ఏళ్లు నిండితే రాయవచ్చు. రేడియో సిద్ధాంతం, నిబంధనలు చదవాలి. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ (చుక్కలు, గీతల సంకేతాలు) అక్కర్లేదు, జనరల్ గ్రేడుకు నిమిషానికి 8 పదాల వేగం రావాలి. ఈసీఈ చదివేవాడికి సిద్ధాంతం కొత్తేమీ కాదు. సరళ్ సంచార్ పోర్టల్‌లో ఈ నెలలోనే దరఖాస్తు చేయించండి.

మార్పుల విషయంలోనూ హద్దు ఉంది. పాత దీపం తీసి ఎల్ఈడీ పెట్టడం, పక్క స్టేషన్ల గోలను ఆపే ఇరుకైన క్రిస్టల్ ఫిల్టర్ అమర్చడం, ఫ్రీక్వెన్సీ నిలకడ పెంచడం మంచి మార్పులు. కొన్ని సెట్లలో ఒక్క డయోడు తీసేస్తే హామ్ బ్యాండ్లు దాటి ప్రసారం చేయగలుగుతాయి. ఆ పని సరదాకైనా చేయకూడదు. పోలీసు, విమానయాన సంస్థలు వాడే తరంగాల్లో జోక్యం చేసుకున్నాడన్న కేసు ఒక్కటి పడితే ప్రభుత్వ ఉద్యోగాల తలుపులు మూసుకుపోతాయి. తన సెట్టులోని సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో పరిశీలించడానికి 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ కొంత వెసులుబాటు ఇస్తుంది. దాన్ని నకలు తీసి పంచిపెట్టడం వేరే సంగతి.

తల్లిగా మీకు తెలియాల్సిన జాగ్రత్త ఇంకొకటి ఉంది. మన 230 వోల్టుల కరెంటు, స్విచ్చింగ్ పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టులై నిలుస్తుంది. ప్లగ్గు పీకేశాక కూడా కొంతసేపు ఉంటుంది. మీటరుతో కొలిచాకే చేయి పెట్టాలి. పన్నెండు గంటలకు నిద్రకళ్లతో చేసే పని కాదిది. రాత్రి పది తర్వాత సోల్డరింగ్ ఆపించండి. కిటికీ తెరిచి ఉంచమనండి, సీసం కలిసిన సోల్డరు పట్టుకున్న చేతులు కడిగాకే అన్నానికి కూర్చోమనండి.

ఇక కూడు సంగతి. హామ్ సెట్లు బాగుచేసే దుకాణం పెట్టుకుని గుంటూరులోనో విజయవాడలోనో సంసారం నడపడం కుదరదు. అంతమంది హామ్‌లు ఇక్కడ లేరు. ఈ ఆశ మీ అబ్బాయికి కొద్దిగా ఉంది, నేను వద్దనే చెప్పాను. డిప్లొమా కాగానే ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరడం నా మొదటి సలహా. సర్క్యూట్లు చేత్తో తెలిసినవాడికి విద్యుదయస్కాంత తరంగాల లెక్కలు కూడా వస్తే ఆర్ఎఫ్ (రేడియో తరంగాల సర్క్యూట్ల) డిజైన్ వైపు వెళ్లగలడు. డిప్లొమాతోనే ఉద్యోగం కావాలంటే రైల్వే సిగ్నల్–టెలికాం విభాగంలో జూనియర్ ఇంజనీర్ (జేఈ), డీఆర్‌డీవోలో సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్, భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరింగ్ అసిస్టెంట్ ట్రైనీ ఉన్నాయి. ఇంటెలిజెన్స్ బ్యూరో టెక్నికల్ పోస్టులకూ ఈ డిప్లొమా పనికొస్తుంది. రాతపరీక్షల్లో రిలే కథ ఎవరూ అడగరు, గణితం, రీజనింగ్ కూర్చుని చదవాల్సిందే. మూడో సెమిస్టర్ గణితంలో అతని మార్కులు నాకు నచ్చలేదు.

కోడింగ్ నేర్చుకోవాల్సిందే, అయితే ఏదో ఒక కోర్సులో చేర్చి డబ్బు తగలేయకండి. హైదరాబాద్‌కు చెందిన అశ్హర్ ఫర్హాన్ చవక భాగాలతో కట్టుకునే బిట్‌ఎక్స్ ట్రాన్స్‌సీవర్‌ను (ప్రసారం, వినడం రెండూ చేసే సెట్టును) రూపొందించి, సర్క్యూట్‌ను అందరికీ ఇచ్చేశారు. 2017లో వచ్చిన మైక్రోబిట్‌ఎక్స్‌ను ఆర్డ్వినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు నడుపుతుంది. దాని ప్రోగ్రామూ బయటికే ఉంది. లైసెన్సు రాగానే ఆ కిట్టు కొనివ్వండి, అప్పటిదాకా ప్రోగ్రామును వరస వరసా చదివి అర్థం రాసుకోమనండి. సీ భాష అలా వచ్చినంత గట్టిగా కోచింగ్‌లో రాదు.

నోటుబుక్కులోంచి మూడు మరమ్మతులు ఎంచి, ఫొటోలతో, కొలతలతో రెండేసి పేజీల చొప్పున శుభ్రంగా రాసి, మళ్లీ వచ్చినప్పుడు తెమ్మన్నాను. అప్రెంటిస్‌షిప్ ఇంటర్వ్యూకు అవే పట్టుకెళ్లాలి. రిలే సంగతి మొదటిది కావాలి. కొట్టేసిన డయోడు కూడా అందులో అలాగే కనిపించాలి, దాన్ని తీసేయబోతే మీరు అడ్డుపడండి.