డాక్టర్ సలహా: నోటి క్యాన్సర్ అన్నారు, నాన్న ఎన్నేళ్లు బతుకుతారు?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. నాన్నకి 56 ఏళ్లు, చాలా ఏళ్లుగా ఖైనీ, గుట్కా అలవాటు. ఎడమ బుగ్గ లోపల 4 నెలల నుంచి పుండు. ఆర్ఎంపీ ఇచ్చిన మాత్రలు, పూత మందు వాడాం. పన్ను కదులుతుంటే పీకించాం, ఆ గుంట మానలేదు. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. పుండు 3 సెంటీమీటర్లు, మెడలో ఒక బిళ్ల కూడా ఉంది, వెంటనే ఆపరేషన్ అన్నారు. రెండు నెలల్లో చెల్లి పెళ్లి, అది అయ్యాక చేయిద్దామని ఈలోగా నాటు మందు ఇస్తున్నాం. ఇలాంటివాళ్లు ఎన్నేళ్లు బతుకుతారు?

సలహా: ఎన్నేళ్లు అన్నది తర్వాత, ముందు ఆ రెండు నెలల సంగతి చూద్దాం. 4 నెలలు ఇప్పటికే పోయాయి. బుగ్గలో క్యాన్సర్ మీ ముహూర్తం కోసం ఆగదండీ, దవడ ఎముకలోకో పైచర్మంలోకో వెళ్లిందంటే ఇవాళ కుదిరే ఆపరేషన్ అప్పుడు కుదరకపోవచ్చు, కుదిరినా ఇంకా ఎక్కువ భాగం తీయాల్సి రావచ్చు. సర్జన్ ఇచ్చిన మొదటి డేట్‌కే వెళ్లండి. పెళ్లి పీటల మీద నాన్నగారు కుట్లతో కూర్చుంటే ఏం పోయింది?

నాటు మందు ఇవాళే ఆపేయండి. అందులో ఏం కలిపారో మీకూ తెలీదు నాకూ తెలీదు, కిడ్నీనో లివరో దెబ్బతింటే మత్తు ఇవ్వడం, కీమో ఇవ్వడం రెండూ కష్టమే. ఇప్పటిదాకా ఏం వాడారో దాచకుండా ఆస్పత్రిలో చెప్పండి. కత్తి తగిలితే పాకుతుందని ఊళ్లో అంటూనే ఉంటారు, అది నమ్మి ఆగిపోయినవాళ్లని ఓపీలో చూస్తూనే ఉంటాం.

ఇక మీరడిగింది. ఇన్నేళ్లని ఫైలు చూడకుండా నేను చెప్పకూడదు, చూసినవాళ్లు కూడా గ్యారంటీ ఇవ్వలేరు. అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చేది మెడ. బిళ్లలోకి క్యాన్సర్ చేరితే, చేరనివాళ్లతో పోలిస్తే బతికే అవకాశం సుమారు సగానికి పడిపోతుంది. అయితే పుండుకి చీము పట్టినా బిళ్ల కట్టొచ్చు కాబట్టి స్కాన్, సూది పరీక్షల్లో తేలాలి. నిజంగా చేరినా, బిళ్ల ఒక్కటే ఉండి 3 సెంటీమీటర్ల లోపే ఉంటే మామూలుగా స్టేజ్ 3 అంటాం, నయం చేద్దామనే ట్రీట్‌మెంట్ ఇస్తాం, అంతా అయిపోయిందనుకోకండి. మెడ మాత్రం కోయొద్దని సర్జన్‌ని బతిమాలకండి. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు 2015లో ప్రచురించిన స్టడీ తొలిదశ పేషెంట్ల మీద, మెడలో పైకి ఏమీ కనబడనివాళ్ల మీద చేసింది. వాళ్లలోనే మొదటే బిళ్లలు తీసేసినవాళ్లు 3 ఏళ్లకి 80 శాతం బతికుంటే, బిళ్ల కనబడ్డాక తీద్దామని ఆగినవాళ్లలో అది 67.5 శాతమే. మీ నాన్నగారికైతే బిళ్ల కనబడుతూనే ఉంది.

ఆపరేషన్ తర్వాత వచ్చే రిపోర్టు పోగొట్టుకోకండి. క్యాన్సర్ ఎంత లోతుకి దిగింది, అంచులు క్లియర్‌గా వచ్చాయా, బిళ్ల పైపొర దాటి బయటికొచ్చిందా అన్నవి అందులోనే ఉంటాయి. పొర దాటితే, ఒళ్లు తట్టుకుంటుందనుకుంటే, కరెంటుతో (రేడియేషన్‌తో) పాటు కీమో కూడా ఇస్తారు. కరెంటు పెట్టాలంటే ఆపరేషన్ అయిన 6 వారాల్లోపు మొదలవ్వాలి, దాదాపు 30 సిట్టింగులు, వారానికి 5. సగంలో నోరంతా పూసి మింగలేక చాలామంది ఊరెళ్లిపోతారు, పూత తగ్గాక వస్తాం అంటారు, ఆ గ్యాప్‌లో జబ్బు మళ్లీ పుంజుకోవచ్చు. ముక్కు గొట్టం పెట్టి అయినా తిండి పోయించండి, మానొద్దు. మొదలుపెట్టే ముందు మిగతా పళ్లు డెంటిస్టుకి చూపించండి.

పన్ను గురించి ఒక మాట అనకుండా ఉండలేను. పొగాకు వాడే మనిషికి పుండు పక్కనే పన్ను కదిలితే పీకించడం కాదు, ఆ పుండు చూపించాలి. 3 వారాల్లో మానని పుండుకి ముక్క పరీక్షే, ఇంకో పూత మందు కాదు. మీది అప్పుడే తేలాల్సింది.

డబ్బు భయంతో వాయిదా వేస్తుంటే ఎన్టీఆర్ వైద్య సేవ గురించి ఆస్పత్రిలోనే అడగండి. విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, మీకు హైదరాబాద్ కన్నా దగ్గర.

ఖైనీ ఇవాళ్టి నుంచే బంద్, ఎలాగూ వచ్చేసింది కదా అని కొందరు ఆపరు, ట్రీట్‌మెంట్ సరిగ్గా పనిచేయదు, నోట్లోనే ఇంకోచోట కొత్తది రావచ్చు. మొదటి రెండేళ్లు చెకప్‌లు అసలు తప్పొద్దు, తిరగబెడితే ఎక్కువగా అప్పుడే. మీరుగానీ మీ బాబాయిలుగానీ ఖైనీ వేస్తుంటే నాన్నగారితో వెళ్లినప్పుడే మీ నోళ్లు కూడా చూపించుకోండి, ఇది అంటుకునే జబ్బు కాదు గానీ ఇంట్లో డబ్బా ఒకటే అయ్యుంటుంది కదా.