రేడియేటర్ మార్చిన తర్వాత ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ తగ్గితే ఏం చేయాలి?

మీరు రాసినదాని ప్రకారం, డాలస్‌లోని ఒక గ్యారేజీలో మీ 2003 మోడల్ టొయోటా క్యామ్రీకి కొత్త రేడియేటర్ వేయించినప్పటి నుంచి, పొద్దున బండి తీసి ‘డి’లో వేస్తే గేరు పడటానికి ఆలస్యమవుతోంది, మలుపుల్లో ఇంజిన్ రేజ్ అవుతోంది గాని బండి లాగడం లేదు, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీద ఆయిల్ కింది గీతకు కూడా అందడం లేదు. ఎంత పోయాలి, ఈలోగా నడపవచ్చా, గ్యారేజీకి తిరిగి వెళ్లాలా అని అడిగారు. నేను హ్యూస్టన్‌లో చాలా ఏళ్లుగా ఇదే తరం క్యామ్రీ నడుపుతున్నాను. దానికి కూడా రేడియేటర్ మార్పించాక ఇవే లక్షణాలు కనిపించాయి. కనుక అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెబుతాను. ఆయిల్ పోసేవరకు బండిని రోడ్డు మీదికి తీయకండి. పోసేటప్పుడు ఎంత పోస్తున్నారో కొలిచి రాసుకోండి, ఎందుకంటే లోపం ఎక్కడుందో చాలావరకు ఆ కొలతను బట్టే తెలుస్తుంది.

రేడియేటర్‌కూ గేర్‌బాక్స్‌కూ సంబంధం ఏమిటన్న సందేహం చాలామందికి ఉంటుంది. మన బండిలో రేడియేటర్ కింది ట్యాంకు లోపల గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే చిన్న కూలర్ ఒకటి అమర్చి ఉంటుంది. వేడెక్కిన ఆయిల్ ఒక గొట్టం గుండా అందులోకి వచ్చి, చుట్టూ ఉన్న కూలెంట్‌కు (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవానికి) తన వేడిని ఇచ్చి, మరో గొట్టం గుండా గేర్‌బాక్స్‌కు తిరిగి వెళుతుంది. రేడియేటర్ విప్పాలంటే ఈ రెండు గొట్టాలనూ ఊడదీయక తప్పదు, అప్పుడు గొట్టాల్లోని ఆయిల్ కొంత కారిపోతుంది, పాత కూలర్‌లో నిలిచి ఉన్నది దానితోపాటే వెళ్లిపోతుంది. కొత్త కూలర్ ఖాళీగా వస్తుంది కనుక, ఇంజిన్ స్టార్ట్ చేయగానే అది నిండటానికి కావలసిన ఆయిల్ గేర్‌బాక్స్ నుంచే పోతుంది. మెకానిక్ ఎంత జాగ్రత్తగా గొట్టాలకు బిరడాలు పెట్టినా ఈ నష్టం పూర్తిగా ఆగదు. మామూలుగా ఇది అర లీటరు నుంచి లీటరు మధ్యలో ఉంటుంది.

అంత మాత్రానికే బండి ఇలా ఎందుకు ప్రవర్తిస్తుందంటే, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ పని కేవలం పళ్లచక్రాలకు జిడ్డు అందించడం కాదు. లోపలి పంపు ఆ ఆయిల్‌ను ఒత్తిడితో తోస్తేనే క్లచ్ ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, గేరు పడుతుంది. మట్టం తగ్గినప్పుడు పంపు ఆయిల్‌తోపాటు గాలిని కూడా పీలుస్తుంది, గాలి కలిసిన ఆయిల్‌తో కావలసిన ఒత్తిడి రాదు. మలుపులో ఆయిల్ ఒక పక్కకు ఒరిగి పంపు నోటికి అందదు కనుకనే మీకు అక్కడ ఇంజిన్ రేజ్ అవుతోంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ముడుచుకుని మట్టం మరింత తక్కువగా ఉంటుంది, గేరు ఆలస్యం కావడానికి అది ఒక కారణం. ఇలా జారినప్పుడల్లా క్లచ్ ప్లేట్ల పైపూత రాపిడికి మాడిపోతుంది, మాడిన పూత మళ్లీ రాదు. కొన్ని డాలర్ల ఆయిల్ సీసాతో తీరిపోయే సమస్యను వేల డాలర్ల గేర్‌బాక్స్ రిపేరు దాకా తీసుకెళ్లేది ఆయిల్ పోసేలోపు చేసే ప్రయాణాలే. అందుకే నడపవద్దని ఇంత గట్టిగా అంటున్నాను.

నా బండికి రేడియేటర్ పై ప్లాస్టిక్ ట్యాంకు పగలడంతో కొత్తది వేయించాను. ఆ గ్యారేజీవారు కూలెంట్ నింపి, గాలి తీసి, ఎక్కడా కారడం లేదని చూసి ఇచ్చారు గాని, గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ తీసి చూడలేదు. రివర్స్ పడటం ఆలస్యమవుతోందని గమనించిన వెంటనే బండి ఆపి, ఆయిల్ తెప్పించి నేనే పోశాను. మొత్తం మీద ఒక క్వార్ట్ సీసా, అంటే 946 మి.లీ., పూర్తిగా పట్టలేదు, అడుగున కొంత మిగిలింది. లక్షణాలన్నీ అప్పుడే పోయాయి, మట్టం ఆ తర్వాత మళ్లీ తగ్గలేదు.

ఇక మట్టం చూసే పద్ధతి. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. ఇంజిన్ ఆయిల్‌లాగా దీన్ని ఇంజిన్ ఆపి చూడకూడదు. బండిని చదునైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేక్ పెడల్ తొక్కిపట్టి, లివర్‌ను ‘పి’ నుంచి ‘ఎల్’ వరకు ఒక్కో స్థానంలో కాసేపు ఉంచుతూ తీసుకెళ్లి మళ్లీ ‘పి’కి తీసుకురావాలి. అప్పుడు ఇంజిన్ నడుస్తూ ఉండగానే డిప్‌స్టిక్ తీసి, నూలు పోగులు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా లోపలికి దించి మళ్లీ తీసి చూడాలి. పుల్ల మీద ‘కూల్’ అని, ‘హాట్’ అని రెండు భాగాలుంటాయి. ‘కూల్’ గుర్తులు ఉజ్జాయింపుకే పనికొస్తాయి; తుది నిర్ణయం మాత్రం ఆయిల్ 70 నుంచి 80 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కిన తర్వాత ‘హాట్’ గీతల మధ్య చూసి తీసుకోవాలి. మీ బండి ఇప్పుడు నడపదగిన స్థితిలో లేదు కనుక, ముందు ‘కూల్’ గుర్తుల వరకు పోసి, గేర్లు మామూలుగా పడుతున్నాయని నిర్ధారించుకుని, ఇంటి చుట్టుపక్కల నెమ్మదిగా నడిపి వేడెక్కించి, అప్పుడు ‘హాట్’ మట్టం సరిచూసుకోండి. పుల్లకు రెండు వైపులా ఆయిల్ ఎత్తు వేరుగా కనిపిస్తే తక్కువ చూపించే వైపునే నమ్మండి, ఎందుకంటే పుల్ల దిగే గొట్టం గోడలకు అంటిన ఆయిల్ పుల్లకు పూసుకుని మట్టాన్ని ఎక్కువగా చూపిస్తుంది. హోండా వారి పద్ధతి వేరు, చాలా మోడళ్లలో ఇంజిన్ ఆపిన తర్వాత ఒకటిన్నర నిమిషంలోపు చూడాలి. కాబట్టి ఈ పేరాను వేరే కంపెనీ బండికి వర్తింపజేయకండి.

ఆయిల్ పోయవలసింది డిప్‌స్టిక్ గొట్టంలోనే. దానికి సన్నని పొడవాటి గరాటు కావాలి. ఒక్కసారికి 200 మి.లీ. మించకుండా పోసి, గొట్టం గోడల మీది ఆయిల్ కిందికి దిగేవరకు కొన్ని నిమిషాలు ఆగి, మళ్లీ చూడండి. తొందరపడి పై గీత దాటించారంటే, లోపల తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి, అప్పుడు కూడా గాలి కలిసి, తక్కువైనప్పుడు వచ్చిన లక్షణాలే తిరిగి వస్తాయి. మీ 2003 నాలుగు సిలిండర్ల క్యామ్రీకి టొయోటా టైప్ టి-ఫోర్ ఆయిల్ కావాలి. తర్వాతి మోడళ్లకు వాడే డబ్ల్యూఎస్ దీనికి బదులు కాదు. టి-ఫోర్‌కు సరిపోతుందని సీసా మీద స్పష్టంగా రాసి ఉన్న ఆయిల్ వాడవచ్చు. సీవీటీ అనే వేరే రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు వాడే ఆయిల్ మాత్రం పొరపాటున కూడా పోయకండి.

ఇప్పుడు రాసుకున్న కొలత దగ్గరికి వద్దాం. లీటరులోపు పట్టి, కొన్ని రోజులు నడిపాక కూడా మట్టం అక్కడే ఉంటే, పోయినది రేడియేటర్ విప్పినప్పుడు పోయినదే, ఇంకేమీ వెతకనక్కర్లేదు. లీటరు దాటి పడుతుంటే, లేదా నింపిన మట్టం మళ్లీ దిగుతుంటే, ఆయిల్ ఇంకా ఎక్కడో కారుతోంది. ముందుగా రేడియేటర్ అడుగున కూలర్‌కు తగిలించిన ఆ రెండు రబ్బరు గొట్టాలను చూడండి. ఇరవై ఏళ్లు దాటిన బండిలో వాటి చివరలు గట్టిపడి ఉంటాయి, పాత స్ప్రింగ్ క్లాంపుల బిగువు తగ్గి ఉంటుంది. నా వరకైతే రేడియేటర్‌తోపాటు ఆ గొట్టం ముక్కలనూ క్లాంపులనూ మార్పించడమే మేలని అనుకుంటాను, వాటి ఖరీదు ఏపాటిది!

కింద అట్ట పరిచి పొద్దున చూస్తే మరక ఎక్కడ పడిందో తెలుస్తుంది, కాని ఎర్రగా ఉన్న ప్రతి మరకా గేర్‌బాక్స్ ఆయిల్ కాదు. ఈ బండిలో పవర్ స్టీరింగ్‌లో ఉండేది కూడా ఎర్రని ఆయిలే, టొయోటా కూలెంట్ రంగు కూడా ఎరుపో గులాబీయో అయి ఉంటుంది. కూలెంట్ అయితే నీళ్లతో ఇట్టే కడుక్కుపోతుంది, వాసన తియ్యగా ఉంటుంది. ఆయిల్ అయితే వేళ్లకు జిడ్డుగా అంటుకుని నీటిలో కలవదు. కూలెంట్ విషం కనుక దాన్ని పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందకుండా వెంటనే కడిగేయండి.

పాత రేడియేటర్‌ను ఎందుకు మార్చవలసి వచ్చిందో మీరు రాయలేదు, అది తెలుసుకోవడం చాలా అవసరం. బయటి ట్యాంకు పగిలి మార్చి ఉంటే ఫరవాలేదు. లోపలి కూలరే పగిలి మార్చి ఉంటే, కూలెంటూ గేర్‌బాక్స్ ఆయిలూ ఒకదానిలో ఒకటి కలిసి ఉండవచ్చు. 2005 నుంచి 2010 వరకు వచ్చిన నిస్సాన్ పాత్‌ఫైండర్, ఫ్రాంటియర్, ఎక్స్‌టెర్రా బండ్లలో సరిగ్గా ఈ లోపమే బయటపడి, చివరికి నిస్సాన్ ఆ రేడియేటర్లకు వారంటీ పొడిగించవలసి వచ్చింది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పారదర్శకమైన ఎరుపులో కాకుండా పాలు కలిపినట్లు గులాబీ రంగులో కనిపిస్తే, పైన కొత్త ఆయిల్ పోసి సరిపెట్టుకోవద్దు, ఇంజిన్ కూడా స్టార్ట్ చేయవద్దు. కూలెంట్‌లోని నీరు, గ్లైకాల్ క్లచ్ ప్లేట్ల పూతను పట్టి ఉంచే జిగురును వదులు చేస్తాయి. అలాంటి బండిని టో చేయించి నేరుగా గేర్‌బాక్స్ పని తెలిసినవారి దగ్గరికి పంపాలి. రంగు ముదురు గోధుమగా మారి మాడిన వాసన వస్తే మాత్రం ప్లేట్లు అప్పటికే కొంత కాలాయని అర్థం. అప్పుడు కూడా మట్టం సరిచేసి, ఆ పరిస్థితిని మెకానిక్‌కు చూపించండి.

గ్యారేజీకి తప్పక తెలియజేయండి. ఆయిల్ పోయకముందు డిప్‌స్టిక్‌ను ఫోటో తీసి, ఎంత పట్టిందో రాసుకున్న కాగితాన్ని దానితోపాటు చూపిస్తే వాదనకు చోటుండదు. గొట్టాలను విప్పిన పనిలో ఆయిల్ మట్టం సరిచూడటం కూడా భాగమే కనుక, గొట్టాలు మళ్లీ బిగించి ఇవ్వమనీ, ఆయిల్ ఖర్చు భరించమనీ అడిగే హక్కు మీకు ఉంది.

ఇది చదువుతున్నవారిలో హైదరాబాదులోనో విజయవాడలోనో ఆటోమేటిక్ బండి ఉన్నవారికి ఒక మాట. మారుతి ఏజీఎస్ వంటి ఏఎంటీ బండ్లలో ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్‌నూ గేర్లనూ మనకు బదులు యంత్రం మారుస్తుంది, అంతే; దాని ఆయిల్ రేడియేటర్ గుండా వెళ్లదు కనుక ఈ సమస్య వాటికి రాదు. ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్ వంటి బండ్లకు అసలు డిప్‌స్టిక్ ఉండదు. ఆయిల్‌ను నిర్ణీత ఉష్ణోగ్రతకు తెచ్చి, ఇంజిన్ నడుస్తుండగా అడుగున ఉన్న చెక్ బోల్టు విప్పి, ఆయిల్ సన్నని ధారగా వచ్చి ఆగే స్థితిని బట్టి మట్టాన్ని తేల్చాలి, అది ఇంట్లో చేసుకునే పని కాదు. అలాంటి బండికి రేడియేటర్ మార్పించేటప్పుడు, గేర్‌బాక్స్ ఆయిల్ మట్టం కూడా సరిచూసి ఎంత పోశారో బిల్లులో రాయమని పని మొదలుపెట్టకముందే అడగండి.