లవర్న్ గొంతు వినిపిస్తోందా?

తమ్ముడూ,

అమెరికాలో బృందంగా పాడిన ముగ్గురు అక్కచెల్లెళ్లు, అదే ఆండ్రూస్ సిస్టర్స్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. బాగా కష్టపడ్డావు, తెలుస్తూనే ఉంది. తెలుగులో పెద్దగా ఎవరూ ముట్టుకోని విషయం ఎత్తుకున్నావు, అదీ నచ్చింది. మెచ్చుకోవడం ఇక్కడితో ఆపేస్తాను. లేకపోతే అసలు సంగతికి వచ్చేసరికి నీకూ నాకూ ఓపిక అయిపోతుంది.

నీ వ్యాసంలో అక్కచెల్లెళ్లు పాడారు, అక్కచెల్లెళ్లు అమెరికాని ఊపేశారు, అక్కచెల్లెళ్లు పోట్లాడుకున్నారు. చివరికంటా చదివినా ఆ ముగ్గురిలో ఎవరు ఎవరో నాకు అంతుపట్టలేదు. ప్యాటీ కొంచెం కనబడింది. మాక్సీన్ అక్కడక్కడా తొంగిచూసింది. లవర్న్ మాత్రం 1911లో పుట్టింది, 1967లో పోయింది, అంతే. మధ్యలో ఏం చేసినట్టు? ముగ్గురు మనుషుల్ని ఒకే కర్తగా పెట్టి క్రియలు తగిలించుకుంటూ పోతే రాయడం సులువే. కానీ ఆ బృందం ఎందుకు అంత బాగా పాడిందో, ఎందుకు విడిపోయిందో రెండూ చేజారిపోతాయి.

కాబట్టి ముందు పుస్తకాలు మూసి పాట విను. మన పాఠకుడికి హార్మనీ అంటే ఏమిటో నువ్వు చెప్పకుండా దాటేశావు. మన కచేరీల్లో అక్కచెల్లెళ్లు కలిసి పాడితే ఇద్దరూ ఒకే స్వరం మీద నిలబడతారు, లేదా ఒకరు వదిలినచోట ఇంకొకరు అందుకుంటారు. రెండు గొంతులు ఒకటే అనిపిస్తే ఆహా అంటాం. ఆండ్రూస్ వాళ్ల లెక్క వేరు. ఒకే మాటని, ఒకే క్షణంలో, ముగ్గురూ మూడు వేర్వేరు స్వరాల మీద పలుకుతారు. ఇంట్లో హార్మోనియం ఉంటే స, గ, ప మూడు మెట్లూ కలిపి నొక్కి చూడు, లేదంటే ఫోన్లో కీబోర్డు యాప్ చాలు. వరస కదిలినప్పుడల్లా మూడు వేళ్లూ కలిసి కదలాలి. అదీ స్వింగ్ వేగంతో, అంటే ఆనాటి అమెరికా డ్యాన్సు జాజ్ ఊపుతో, ఒక్క అక్షరం కూడా ముందూ వెనకా కాకుండా! ఒకళ్లు ఊపిరి కాస్త ఆలస్యంగా తీసుకున్నా గుట్టు బయటపడుతుంది.

ఇప్పుడు ఎవరు ఎక్కడున్నారో చెవికి దొరుకుతుంది. పాట వరస ప్యాటీది. ముగ్గురిలో చిన్నది, 1918లో పుట్టింది. సోలో ముక్కలన్నీ ఆమెవే. పై గొంతు మాక్సీన్‌ది. కింద, మంద్రంలో ఉండేది పెద్దమ్మాయి లవర్న్. స్వరలిపి చదవడం వచ్చింది కూడా లవర్న్‌కే. మిగతా ఇద్దరిదీ వినికిడి విద్య. లవర్న్ గొంతుని మొదటిసారి వినడం కష్టం. పనిగట్టుకుని వెతకాలి. ఒకసారి దొరికాక మాత్రం ఇక వదలదు. ఆ కింది స్వరం ఉండబట్టే పైన ప్యాటీ అంత చిలిపిగా ఆడుకోగలిగిందని నా అభిప్రాయం.

ఈ విద్య వాళ్లు కనిపెట్టింది కాదు. ఆ మాట నీ వ్యాసంలో లేదు, అది అన్యాయం. న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చిన బాస్వెల్ సిస్టర్స్, అంటే మార్తా, కాన్నీ, వెట్, 1930ల మొదట్లోనే ఈ దారి వేశారు. పాట మధ్యలో తాళం మార్చేవారు, వేగం మార్చేవారు. కాన్నీ వీల్‌చెయిర్‌లో కూర్చునే పాడేది, బృందానికి బుర్ర ఆమెదే. ఉత్తరాన మినియాపొలిస్‌లో, గ్రీకు తండ్రికీ నార్వే మూలాలున్న తల్లికీ పుట్టిన ఆండ్రూస్ పిల్లలు వాళ్లని రేడియోలో విని ఎంతగా అనుకరించారంటే, చివరికి ఆ దక్షిణాది యాస కూడా అంటించుకున్నారు. 1936లో పెళ్లిళ్లయ్యాక బాస్వెల్ బృందం ఆగిపోయింది. మరుసటి ఏడాదే ఆండ్రూస్ వాళ్లకి దారి దొరికింది. ఈ రెండు సంవత్సరాలూ పక్కపక్కన పెట్టు, వ్యాఖ్యానం అక్కర్లేదు.

అయితే బాస్వెల్ వాళ్ల నకలుగా మిగిలిపోకుండా వీళ్లు చేసిందేమిటి? బ్యాండులోని మూడు ట్రంపెట్లు కలిసి మోగితే ఎలా ఉంటుందో అలా పాడాలనుకున్నారు. వాళ్లకి పాటలు అమర్చిపెట్టిన విక్ షోన్ స్వయంగా ట్రంపెట్ వాయిద్యగాడు. దీన్ని పట్టుకో. స్వింగ్ అంటే పెద్ద బ్యాండుల కాలం. గాయని లేచి ఒక చరణం పాడి మళ్లీ కుర్చీలో కూర్చునే కాలం. ఆ బ్యాండుకి ఎదురునిలవాలంటే బ్యాండులాగే మోగాలని ఈ అమ్మాయిలకి తోచింది.

ఇక 1937 నవంబర్ 24. నీ వ్యాసంలో ఆ రోజుకి ఒకే ఒక్క వాక్యం! న్యూయార్క్‌లో అవకాశాల్లేక, ఇక ఇంటికి వెళ్లిపోదామనుకునే దశలో హోటల్ ఎడిసన్ నుంచి రేడియోలో పాడారు. డెక్కా రికార్డుల కంపెనీ వాళ్లు అది విని పిలిచారు. మొదటి రికార్డు దెబ్బతింది, ఎవరూ కొనలేదు. రెండోదానికి, ఆ నవంబర్ 24న, ‘బై మీర్ బిస్టు షేన్’ అనే యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) పాట తీసుకున్నారు. షోలొమ్ సెకుండా 1932లో ఒక నాటకానికి కట్టిన పాట అది. దాని హక్కులు 30 డాలర్లకి అమ్మేసుకున్నాడు. అక్కచెల్లెళ్లు యిడ్డిష్‌లోనే పాడబోతే డెక్కా అధిపతి జాక్ క్యాప్ ఇంగ్లీషులో కావాలన్నాడు. సామీ కాన్, సాల్ చాప్లిన్ మాటలు రాశారు. అసలు అమ్ముడుపోతుందనుకున్నది రికార్డు రెండోవైపున్న, పేరున్న స్వరకర్త గెర్ష్విన్ పాట. 1938 మొదలయ్యేసరికి దేశమంతా ఈ వైపే మోగింది. అక్కచెల్లెళ్లకి ముట్టింది 50 డాలర్లు, రాయల్టీ లేదు. 30 డాలర్ల సెకుండా, 50 డాలర్ల అక్కచెల్లెళ్లు! నువ్వు మొదటి పేరాలో పరిచిన కోట్ల రికార్డుల అంకె కన్నా ఈ రెండు చిన్న అంకెలే ఎక్కువ చెబుతాయి. ఆ కోట్ల లెక్కలు కంపెనీల ప్రచారంలోంచి వచ్చినవి, వాటితో వ్యాసం మొదలుపెట్టకు.

ఒక తప్పు దిద్దుకో. ‘బూగీ వూగీ బ్యూగుల్ బాయ్’ యుద్ధంలో ఉన్న అమెరికా సైనికుల కోసం పుట్టిందని రాశావు. ఆ పాట ‘బక్ ప్రైవేట్స్’ అనే హాస్యచిత్రంలోది. రికార్డయిందీ, సినిమా విడుదలయిందీ 1941 జనవరిలో. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసి అమెరికాని యుద్ధంలోకి లాగింది ఆ ఏడాది డిసెంబర్‌లో. అప్పటికి దేశం యుద్ధంలో లేదు, కుర్రాళ్లని సైన్యంలోకి పిలవడం మాత్రం 1940లో మొదలైంది. చికాగోలో బ్రహ్మాండంగా ట్రంపెట్ వాయించేవాణ్ని పట్టుకొచ్చి, పొద్దున్నే బూరా ఊది సిపాయిల్ని నిద్రలేపమంటే వాడేం చేశాడన్నదే పాట. అది భయం లేనప్పుడు పుట్టిన పాట, అందుకే అంత అల్లరి. మధ్యలో ముగ్గురూ నోటితోనే బూరా మోగిస్తారు, అక్కడ మూడు ట్రంపెట్ల సంగతి గుర్తుచేస్తే చాలు. అసలు యుద్ధం వచ్చాక వాళ్లు శిబిరాలకీ ఆసుపత్రులకీ తిరిగి పాడిన సంగతి వేరుగా రాయి. అది నిజంగానే పెద్ద కథ. రెండూ కలిపేయకు.

‘రమ్ అండ్ కోకాకోలా’ని నువ్వు సరదా పాటల్లో వేసి పక్కకి నెట్టావు. 1945లో పది వారాలు అమెరికాలో మొదటి స్థానంలో ఉంది. మాటలు కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో కాలిప్సో (అక్కడి జానపద బాణీ) పాడే లార్డ్ ఇన్వేడర్‌వి, వరస లయొనెల్ బెలాస్కోది. అమెరికా సైనికుల డాలర్ల చుట్టూ అక్కడి ఆడవాళ్ల బతుకులు ఎలా తిరిగాయో ఎత్తిపొడిచే పాట. అమెరికాలో మాత్రం అది మోరీ ఆమ్‌స్టర్‌డామ్ అనే హాస్యగాడి పేరున వచ్చింది. ట్రినిడాడ్ వాళ్లు కోర్టుకెక్కి గెలిచారు. అక్కచెల్లెళ్లు లయకి మురిసి పాడారు, మాటల అర్థం గురించి ఆలోచించలేదని మాక్సీన్ తర్వాత చెప్పుకుంది. దీనికి వాళ్లని తిట్టనక్కర్లేదు, వెనకేసుకు రానూ అక్కర్లేదు. జరిగింది జరిగినట్టు పెట్టు. పాట ఎంత హాయిగా ఉందో కూడా చెప్పు, ఆ హాయిలోనే ఇబ్బంది ఉంది.

గొడవ గురించి రెండు పేజీలు రాశావు. అందులో సగం సినిమా పత్రికల భాష. అర పేజీకి కుదించు. మేనేజర్ లూ లెవీ మాక్సీన్ భర్త, తర్వాత విడాకులయ్యాయి. పియానో వాద్యగాడు వాల్టర్ వెష్లర్ ప్యాటీ భర్త. వరస పాడే గొంతుకి సొంతంగా పాడుకోవాలనిపించడం వింతేమీ కాదు. 1953లో ప్యాటీ వెళ్లిపోయింది. 1956లో మళ్లీ కలిశారు. ఎవరి గొంతు ఎక్కడుందో నువ్వు ముందే చెప్పి ఉంటే ఇదంతా పాఠకుడికి దానంతటదే అర్థమవుతుంది. తప్పెవరిదో నువ్వు తేల్చనక్కర్లేదు, మనం పంచాయతీకి కూర్చోలేదు.

నువ్వు 1967తో ఆపేశావు. ఆ తర్వాతది చూడు. లవర్న్ క్యాన్సర్‌తో పోయాక ఆమె స్థానంలో మరో గాయనిని పెట్టుకుని కొంతకాలం నెట్టుకొచ్చారు, 1968తో అదీ ఆగింది. మళ్లీ 1974లో ప్యాటీ, మాక్సీన్ న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో ‘ఓవర్ హియర్’ అనే సంగీత నాటకంలో నటించారు. రెండో ప్రపంచ యుద్ధ కాలం కథ. అందులో వీళ్లిద్దరూ మూడో గొంతు కోసం వెతుక్కునే అక్కచెల్లెళ్లు! ఆ మూడో గొంతు పాత్ర వేసిన జేనీ సెల్‌కి నాటకరంగంలో పెద్దదైన టోనీ అవార్డు వచ్చింది. ఇంత మంచి సంగతి చేతిలో ఉండగా, నువ్వు ‘ఆ స్వరాలు చిరస్మరణీయం’ అని ముగించావు. ఆ వాక్యం కొట్టెయ్, ‘మధుర గానం’, ‘అజరామరం’ కూడా కొట్టెయ్. అవి ఏ గాయని మీద రాసిన వ్యాసంలోనైనా ఇమిడిపోతాయి.

మళ్లీ రాసి పంపు. ఈసారి లవర్న్‌తో మొదలుపెట్టు. ఏ పాటలో ఏ చరణం దగ్గర ఆమె గొంతు నీకు విడిగా వినబడిందో అక్కడ రాయి, నేనూ పెట్టుకుని వింటాను. నిడివి తగ్గినా ఫర్వాలేదు, ఫొటోలు తర్వాత చూసుకుందాం.

ఉంటాను,
అక్క